ఎడమ భుజం మీద తీగ

బోరమ్‌వుడ్ స్టూడియో వెనక వీధి హాల్లో
నలభై ఏడేళ్ల తర్వాత మళ్లీ వేశారు ‘రాగి డేగ’ని.
టికెట్టు ఆరు పౌండ్లు. టీ ఉచితం.
పక్క కుర్చీలో మా కాస్పర్, చిన్నమ్మాయి కొడుకు, పదకొండేళ్లు,
లైట్లు ఆరకముందే అడిగాడు:
"బోరు కొడితే మధ్యలో వెళ్లిపోవచ్చా?"
వెళ్లిపోవచ్చన్నాను.
ఆ సినిమాకి నేను చుట్టాన్నే గాని పూచీదారుని కాదు.

కేప్ కుట్టింది నేను.
పేర్లలో వెతక్కండి. దుస్తుల విభాగం అనే ఒక్క మాట కింద
పద్నాలుగు మందిమి ఒకే దుప్పట్లో ముడుచుకున్నాం.

ఒకటి కాదు, మూడు కేపులు.
నిలబడేవాడికి బరువైన ఉన్ని, అంచు మడతలో గాలం సీసపు గుళ్లు.
కూర్చునేవాడికి పొట్టిది.
ఎగిరేవాడికి పట్టు, లోపల పాత గొడుగుల ఊచలు.
ఎగిరేవాడు వేరే మనిషి మరి.
పోస్టరు మీది గడ్డం హీరోది,
గాలిలో కనిపించే వెన్ను ఐవర్ పెంగెలీది.

ఎలా ఉంది ఇప్పుడు, అంటారా?
కొన్నిచోట్ల కుంటుతోంది.
హీరోయిన్ పత్రికా విలేఖరి అట,
సినిమా మొత్తంలో ఒక్క ముక్క రాయదు, తొమ్మిదిసార్లు కేక పెడుతుంది.
అప్పుడే లెక్కపెట్టాను, గుండుసూదులు నోట కరుచుకుని.
విలన్ యాసకి అప్పట్లో హాళ్లు ఊగిపోయాయి,
ఈసారి ముందు వరసలో ఎవరో దగ్గి ఊరుకున్నారు.
నగరం కూలుతుంటే కాస్పర్ పెదవి విరిచాడు:
"ఉత్త బొమ్మరిళ్లు."
అవునురా, కానీ ఆ కిటికీలకి తెరలు కుట్టాం,
మూడో అంతస్తు వంటింట్లో పసుపు గళ్లవి, చూశావా?
చూడలేదు. అర సెకను షాటు.

పాత ప్రింటు గరుకుగా ఉండేది,
తీగలు ఆ గరుకులో కలిసిపోయేవి.
ఇప్పుడు బొమ్మని కడిగి తళతళలాడించారు,
బయటపడ్డ తీగల్ని ఒక్కొక్కటే కంప్యూటర్లో చెరిపేశారు.
హాలు పెద్దమనిషి గర్వంగా ముందే చెప్పాడు.

నాలుగు తీగలు. పియానో ఉక్కు.
పైన చెక్కదారిలో ఇద్దరు పిడి తిప్పుతుంటే
నలభై అడుగుల ఎత్తులో ఐవర్ చేతులు చాచేవాడు.
కింద, ఆసుపత్రి పారేసిన పరుపులు.
దిగాక, పట్టీలు ఒరిసిన నడుముకి మందు నేనే రాసేదాన్ని.
"బెరిల్, పైనుంచి చూస్తే నీ పాపిట వంకర" అనేవాడు.
అంతకన్నా ఏమీ లేదు.
ఉందనుకున్నా మీ ఇష్టం.

తెర మీద ఇప్పుడతను తీగల్లేకుండా ఎగురుతున్నాడు,
హాయిగా, ఎవరి సాయమూ అక్కర్లేనట్టు.
నాకు కడుపులో తిప్పింది.
ఎవరు పట్టుకున్నారతన్ని?

వంతెన దాటాక, మబ్బులోంచి మలుపు తిరిగేచోట,
ఎడమ భుజం మీదుగా పైకి
ఒక్క తీగ.
చెరపడం మరిచారు.
ఎండ తగిలిన సాలెపోగులా తళుక్కుమంది.
హాలంతా గొల్లుమంది, కాస్పర్ తొడ చరుచుకున్నాడు.
నేను అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను.

మధ్యలో వెళ్లలేదు వాడు.
బస్టాపులో అన్నాడు: "కథ చెత్త. కేప్ మాత్రం నిజంగా ఎగిరింది."
ఫ్యానురా, అన్నాను,
ఆ గాలికి ఓసారి దర్శకుడి టోపీ పోయింది, ఇంకా దొరకలేదు.

మిగిలిన రాగిరంగు పట్టుతో ఆ ఏడే
బట్టల క్లిప్పులకి సంచి కుట్టుకున్నాను.
వంటింటి కిటికీ పక్క మేకుకి ఉంటుంది,
ఎండకి వెలిసి వెలిసి పలచని టీ రంగు.
ఇంటికొచ్చాక అంచు కుట్టు రెండంగుళాలు విప్పి చూపించాను.
వెలుతురు చేరని మడతలో, వేలెడు వెడల్పున,
ఇంకా ఆ రాగి.

"ఇది నాకు పట్టదు" అన్నాడు,
క్లిప్పులన్నీ నేలమీద కుమ్మరించి
సంచిని మెడకి కట్టుకుంటూ.